పాత ఇన్నోవాకి సెలవు: కొత్త బండి లీజుకి తీసుకోవాలా, కొనాలా

తిరుపతిలో మన కిరాయి బండిని నమ్ముకుని ఇన్నేళ్లుగా ప్రయాణాలు చేస్తున్న అందరికీ నమస్కారం.

పోయిన మే నెలలో వేలూరు ఆసుపత్రి నుంచి ఒక పెద్దాయన్ని, ఆయన ఇంటివాళ్లని తిరుపతికి తీసుకొస్తుంటే పూతలపట్టు దాటాక మన ఇన్నోవా హీటెక్కి ఆగిపోయింది. రేడియేటర్ పైపు పగిలింది. ఇంకో బండి వచ్చేదాకా గంటన్నర పాటు ఆ కుటుంబం రోడ్డు పక్క చింతచెట్టు కింద కూర్చుంది. ఆ ట్రిప్పుకి నేను డబ్బులు తీసుకోలేదు. అయినా ఆపరేషన్ అయి నాలుగు రోజులు కూడా కాని మనిషిని ఆ ఎండలో కూర్చోబెట్టాను. ఆ పైపు మార్చమని మెకానిక్ నెల ముందే చెప్పాడు. సీజన్ కదా, జూన్‌లో చూద్దాంలే అనుకున్నాను. తప్పు బండిది కాదు, నాది. ఆ కుటుంబానికి అప్పుడే చెప్పాను, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను: క్షమించండి.

ఆ ఇన్నోవా 2012లో కొన్నది. 5 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది. 2017లో దాని ఆఖరి ఈఎంఐ కట్టాను. ఆ తర్వాత అది తెచ్చిన ప్రతి రూపాయీ ఇంటికే వచ్చింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు ఆ బండే కట్టింది. మీలో కొందరి పిల్లలు పుట్టువెంట్రుకలు తీయించడానికి అందులోనే కొండెక్కారు, ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి బండి బుక్ చేస్తున్నారు. అందుకే దాన్ని వదలడం ఇంత ఆలస్యం చేశాను. ఇక ఆలస్యం చేయను.

కొత్త పెద్ద బండి లీజుకి తీసుకోవాలా, కొనాలా అని మూడు నెలలు తల బద్దలుకొట్టుకున్నాను. చాలామంది అడుగుతున్నారు కాబట్టి లెక్క మొత్తం దాచకుండా రాస్తున్నాను.

మొదట నా మనసు లీజు వైపే మొగ్గింది. చేతి నుంచి ఒకేసారి లక్షలు పెట్టక్కర్లేదు. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు. నాలుగేళ్లకి బండి తిరిగిచ్చేసి కొత్తది తీసుకోవచ్చు. బ్రేక్‌డౌన్ టెన్షన్ తగ్గుతుంది. మే నెల అనుభవం తర్వాత ఈ మాట నాకు చాలా తీపిగా వినిపించింది.

ఒక లీజు కంపెనీ ఇన్నోవా క్రిస్టాకి నెలకి 42,000 రూపాయలు చెప్పింది. సంతోషించాను. కానీ దాని మీద జీఎస్టీ వేరే. బండి కొన్నప్పుడు ఎంత శాతమో, దాని లీజు అద్దె మీద కూడా అంతే శాతం జీఎస్టీ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద బండ్లకి సెస్సు తీసేసి 40 శాతం జీఎస్టీ ఒక్కటే పెట్టారు. అంతకుముందు క్రిస్టా లాంటి డీజిల్ బండికి అన్నీ కలిపి 50 శాతం పడేది. కొనేవాళ్లకి అది మంచి మార్పే. లీజుకి మాత్రం నెలనెలా 16,800 అదనం, అంటే 58,800. పెద్ద కంపెనీలు అయితే ఆ పన్నులో కొంత వెనక్కి తెచ్చుకునే దారులుంటాయి. కిరాయి మీద 5 శాతం జీఎస్టీ కట్టే మనలాంటి ట్రావెల్స్‌కి ఆ దారి లేదు.

అయినా పర్లేదు అనుకుని అగ్రిమెంటు తెప్పించుకున్నాను. మా అమ్మాయి పక్కన కూర్చుని పేజీ పేజీ చదివి వినిపించింది. అక్కడ అసలు సంగతి బయటపడింది.

ఏడాదికి 20,000 కిలోమీటర్లు హద్దు. దాటితే కిలోమీటరుకి 12 రూపాయలు. మన బండి ఏడాదికి 45,000 తిరుగుతుంది. చెన్నై ఎయిర్‌పోర్టు, కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు, కంచి, ఇవి చాలు మీటరు పరిగెత్తడానికి. హద్దు దాటిన 25,000కి ఏడాదికి 3 లక్షలు, నాలుగేళ్లకి 12 లక్షలు. అద్దెతో కలిపితే 40 లక్షలు దాటిపోయింది. ఆఖర్న బండి వాళ్లది.

ఇంకొకటి, బండి తిరిగిచ్చేటప్పుడు తనిఖీ ఉంటుంది. మామూలు అరుగుదలకి మించి ఏం కనిపించినా దానికి డబ్బు కట్టాలి. తిరుపతి బండికి మామూలు అరుగుదల అంటే ఏంటో వేరే ఊరి వాళ్లకి ఎలా చెప్పాలి? మనది రోజూ కొండ ఎక్కి దిగే బండి. 1944లో వేసిన పాత ఘాట్‌రోడ్డు మీదే ఇప్పటికీ దిగుతాం, బ్రేక్ ప్యాడ్లు ఎంత తొందరగా అరుగుతాయో ఇక్కడి ఏ డ్రైవర్‌ని అడిగినా చెబుతాడు. గుండు చేయించుకుని చందనం పూసుకున్నవాళ్లు సీటుకి ఆనుకుంటే హెడ్‌రెస్ట్ మీద పసుపు మరక పడుతుంది, ఎంత ఉతికినా పూర్తిగా పోదు. దానికి నేను ఏ రోజూ ఎవరినీ ఒక్క మాట అనలేదు, అనను కూడా. మొక్కు తీర్చుకుని వస్తున్న మనిషిని "అన్నా, తల ఆనించొద్దు" అని ఎలా అంటాం? లీజు బండి అయితే ఆ మాట అనాల్సి వచ్చేది. పైన క్యారియర్ బిగించాలన్నా వాళ్ల అనుమతి కావాలట. పెళ్లి సామాన్లు, పొంగలి గిన్నెలు ఎక్కడ పెట్టాలి?

మధ్యలో వదిలేద్దామంటే మిగిలిన నెలల అద్దెలో సగం కట్టాలని ఇంకో నిబంధన. కరోనాలో నెలల తరబడి బండి కదలని రోజులు గుర్తొచ్చి, అది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక కొనే లెక్క. ఆన్‌రోడ్ 26 లక్షలు. పాత బండి అమ్మితే వచ్చేది, మా ఆవిడ పాడిన చీటీ డబ్బు కలిపి 6 లక్షలు కడుతున్నాం. మిగిలిన 20 లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్ల లోను. ఈఎంఐ దాదాపు 42,000. వడ్డీ మొత్తం 5 లక్షల 20 వేలు, తక్కువేం కాదు. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లకి ఏడాదికి 2 లక్షలు వేసుకున్నాను. అలా నాలుగేళ్ల ఖర్చులో అయిదో ఏడు ఈఎంఐ కూడా కలిపినా 39 లక్షల పైచిలుకు. అంటే లీజుకయ్యే డబ్బుకి కొంచెం తక్కువే. కానీ బండి నా పేరున ఉంటుంది. లోను తీరిందని బ్యాంకు ఇచ్చే కాగితం (ఎన్ఓసీ) తెచ్చి ఆర్సీలో లోను పేరు తీయించుకున్న రోజు నుంచి మళ్లీ పాత ఇన్నోవా ఇచ్చినట్టే ఇంటికి ఇస్తుంది.

పన్నులో లీజే లాభం అని ఒకరిద్దరు అన్నారు. ఆడిటర్‌ని అడిగాను. కిరాయికి తిప్పే బండి విలువలో తరుగుదల కింద ఏడాదికి 30 శాతం ఖర్చుగా రాసుకోవచ్చు. కిరాయికి తిప్పకుండా వ్యాపార పనులకి వాడే కారుకి 15 శాతమే. మొదటి ఏడాది నాకు అది 7 లక్షల 80 వేలు, పైగా లోను వడ్డీ కూడా ఖర్చే. లీజు అద్దె ఏడాదికి 7 లక్షల 5 వేలు. కాబట్టి ఆ లాభం నాకు కనిపించలేదు.

వైట్ బోర్డు బండి తీసుకుని కిరాయికి తిప్పుకోమని, పన్ను మిగులుతుందని చెప్పినవాళ్లూ ఉన్నారు. అది నేను చేయను. సొంతానికి రిజిస్టర్ చేసిన బండిని కిరాయికి తిప్పితే పర్మిట్ ఉండదు, ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కాదనొచ్చు. మీ ఇంటి ఏడుగురిని ఎక్కించుకుని ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు. మీరు ఎవరి బండి ఎక్కినా పసుపు బోర్డు ఉందో లేదో ఒకసారి చూడండి.

ఇన్నోవాలోనే ఇంకో మోడల్ హైక్రాస్ కూడా నడిపి చూశాను. మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది, లోపల చోటు కూడా బాగుంది. కానీ నిండుగా జనం, సామాను వేసుకుని ఘాట్ ఎక్కడానికి వెనక చక్రాల మీద నడిచే డీజిల్ క్రిస్టా నా చేతికి అలవాటు. మన మెకానిక్‌కి దాని ఇంజను కొట్టిన పిండి. అందుకే క్రిస్టానే తీసుకుంటున్నాను, ఎనిమిది సీట్లది.

ఇప్పుడు మీ ప్రశ్న. "అన్నా, మేం కూడా ఇంటికి ఏడు సీట్ల బండి తీసుకుందామనుకుంటున్నాం, కొనాలా, లీజుకి తీసుకోవాలా?" అని ఈ ఏడాది పది మందైనా అడిగారు. నేను బండి కిరాయికిచ్చేవాణ్ణి కాబట్టి నా మాటని ఆ సంగతి గుర్తుపెట్టుకునే వినండి. నెలకి రెండుసార్లే పెద్ద బండి కావాలంటే, ట్రిప్పుకి సగటున 6,000 అనుకున్నా ఏడాదికి 1 లక్షా 44 వేలు. నేను కట్టబోయే ఈఎంఐ లాంటిదే మీరు కడితే ఏడాదికి 5 లక్షలు దాటుతుంది, డీజిల్ కాకుండానే. అలా ఎప్పుడో ఒకసారి కావాల్సినవాళ్లకి చిన్న కారు ఒకటి ఉండి, పెద్ద ప్రయాణానికి కిరాయి బండే మేలు.

ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, పిల్లలు అందరూ ఉండి రోజూ బయటికి తిరిగే కుటుంబమైతే కొనండి, కొని ఎనిమిదేళ్లు పైన వాడండి. కొనేముందు ఇంటి పెద్దవాళ్లని షోరూముకి తీసుకెళ్లి మూడో వరుసలో కూర్చోబెట్టి, వాళ్లంతట వాళ్లు దిగగలరేమో చూడండి. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే ఆ సీటు పిల్లలకే. అన్ని సీట్లూ నింపాక డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయో కూడా అక్కడే చూసుకోవాలి. ఎర్టిగాలో మూడో వరుస లేపి ఉంచితే మిగిలేది 209 లీటర్ల చోటే.

లీజు అందరికీ చెడ్డదని నేను అనను. శ్రీసిటీలో పనిచేసే మన కస్టమర్ ఒకాయన ఉన్నారు. మూడేళ్లకోసారి బదిలీ, కంపెనీయే జీతంలో భాగంగా లీజు ఇస్తుంది, ఏడాదికి పదివేల కిలోమీటర్లు కూడా తిరగరు. ఆయనకి లీజే సరిపోయింది. మీరు కూడా ఆ దారిలో వెళ్తే, కిలోమీటర్ల హద్దు ఎంత, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, తిరిగిచ్చేటప్పుడు దేనికి ఎంత పట్టుకుంటారు అనే మూడూ కాగితం మీద చూసుకోకుండా సంతకం పెట్టకండి.

ఇక మన దగ్గర మారేవి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి పెద్ద బండికి కిలోమీటరు 18 నుంచి 20 రూపాయలు అవుతుంది. డ్రైవర్ బాటా పాత 500 రూపాయలే. చిన్న కార్ల రేట్లు మారవు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే, ట్రిప్పు ఎప్పుడున్నా సరే.

పాత బండి ఈ నెలాఖరున వెళ్లిపోతుంది. కొత్తది చేతికొచ్చి, పర్మిట్ అయ్యేసరికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలు మన దగ్గర పెద్ద బండి ఉండదు. తెలిసిన ఇద్దరు ఓనర్ల పసుపు బోర్డు బండ్లు మాట్లాడి పెట్టాను, మీ దగ్గర తీసుకునేది వాళ్ల రేటే, మధ్యలో నేను ఒక్క రూపాయి కూడా వేసుకోను. ఆ రోజుల్లో ఆసుపత్రి ప్రయాణాలు ఉన్నవాళ్లు ముందుగా ఫోన్ చేయండి, మొదటి బండి వాళ్లకే పంపిస్తాను. కొత్త బండి వచ్చాక మొదటి వేలూరు ట్రిప్పు ఆ పెద్దాయనదే. చెకప్ తారీఖు ఆయన కొడుకుని అడిగి రాసి పెట్టుకున్నాను.