మన బడిలో ట్రైనింగ్ సార్లు, మేడమ్‌లు: డిసెంబర్ నెల ఉత్తరం

అమ్మలకి, నాన్నలకి, పిల్లల్ని దగ్గరుండి చూసుకుంటున్న అమ్మమ్మలకి తాతయ్యలకి నమస్కారం అండి.

ప్రతి నెలా హాజరు, మార్కులు, యూనిఫాం అంటూ రాస్తుంటాను కదా, ఈసారి అవన్నీ పక్కనపెట్టి ఒక్క విషయమే రాద్దామనుకున్నా. సెప్టెంబర్ మొదటివారం నుంచి మన హైస్కూల్లో యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కాలేజీ నుంచి వచ్చిన పన్నెండు మంది బీఈడీ సెకండియర్ వాళ్ళు పాఠాలు చెప్తున్నారు, మీ పిల్లలు ఇంట్లో "ట్రైనింగ్ సార్ ఇలా చెప్పారు, ట్రైనింగ్ మేడం అలా చెప్పారు" అంటుంటే వినే ఉంటారు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు లేచి అడిగేశారు, "నేర్చుకోడానికి వీళ్ళకి మా పిల్లలే దొరికారా మేడం?" అని. అప్పటికి టైం లేక రెండు ముక్కలు చెప్పి కూర్చోబెట్టాను గానీ ఇంటికెళ్ళాక నాకే మనసొప్పలేదు. అలా దాటేసే ప్రశ్న కాదు అది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్తాను. నేను బీఈడీ చేసిన రోజుల్లో కోర్సు ఒక్క ఏడాదే, అందులో నలభై పాఠాలు చెప్తే టీచింగ్ ప్రాక్టీస్ అయిపోయినట్టే. మా బ్యాచ్‌ని పంపిన స్కూల్లో మేము గుమ్మంలోకి రాగానే అక్కడి టీచర్లు స్టాఫ్ రూంకి వెళ్ళిపోయేవాళ్ళు, నా పాఠాల్లో సగానికి పైగా వెనక బెంచీలో కూర్చుని చూసిన మనిషే లేడు, ఆఖరి రోజు రికార్డులన్నీ బల్లమీద పెడితే సంతకాలు పడిపోయాయి. ఉద్యోగంలో చేరాక మొదటి రెండేళ్ళు నా క్లాసులో కూర్చున్న పిల్లల మీదే నేను అసలు ట్రైనింగ్ అయ్యాను, తప్పు చెప్తే తప్పని చెప్పేవాళ్ళు లేరు, ఎలా చెప్పాలో అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు. ఆ పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు నాకు. కొత్త టీచర్ ఎవరైనా ఎవరో ఒకరి పిల్లల దగ్గరే నేర్చుకోవాలండి, అది తప్పదు. ఒంటరిగా నేర్చుకుంటారా, అనుభవం ఉన్న టీచర్ కళ్ళముందు నేర్చుకుంటారా అన్నదే తేడా.

ఈ లోపాన్ని పెద్దవాళ్ళు గుర్తించకపోలేదు. సుప్రీంకోర్టు వేయించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో టీచర్ ట్రైనింగ్ మీద గట్టి రిపోర్ట్ ఇచ్చింది, ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్‌కి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014లో రూల్స్ మార్చి 2015 నుంచి బీఈడీని రెండేళ్ళు చేసింది, అందులో 20 వారాలు స్కూల్లోనే ఉండాలి, మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు. మన దగ్గరున్నవాళ్ళు ఆ 16 వారాల వాళ్ళే. నలభై పాఠాలు చెప్పేసి వెళ్ళిపోవడం వేరు, నాలుగు నెలలు ప్రార్థన నుంచి లాంగ్ బెల్ దాకా బళ్ళో ఉండి, పరీక్ష పేపర్లు దిద్ది, మధ్యాహ్న భోజనం దగ్గర వడ్డించి, వర్షం రోజు రెండు క్లాసుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టడం వేరు.

మన బళ్ళో నేను పెట్టిన పద్ధతి ఇది. పదో తరగతి వాళ్ళకి ఇవ్వలేదు, ఆ భయం పెట్టుకోకండి. మొదటి రెండు వారాలు పాఠం చెప్పనివ్వలేదు, వెనక కూర్చుని చూసి నోట్సు రాసుకోమన్నాం. తర్వాత కూడా ఆ సబ్జెక్టు టీచర్ క్లాసులోనే ఉంటారు, పాఠ్యపథకం ముందురోజు సాయంత్రానికి చూపిస్తేనే మర్నాడు పాఠం. సరిగా అందలేదనిపిస్తే మా టీచర్ అదే పాఠం మళ్ళీ చెప్తారు.

ఒక్క క్లాసు గురించి చెప్పాలి. ఆరో తరగతిలో పూర్ణ సంఖ్యలు, లెక్కల ట్రైనింగ్ సార్‌కి అది మొదటి పాఠం, బోర్డు మీద తేదీ వేస్తుంటేనే సుద్దముక్క రెండుసార్లు విరిగింది, ముందు బెంచీ వాళ్ళు నవ్వారు. మైనస్ 3 పెద్దదా మైనస్ 5 పెద్దదా అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో మైనస్ 5 అని అరిచారు. ఆయన కంగారుపడి రూల్ చెప్పేసి అయిందనిపించారు, పిల్లల మొహాలు చూస్తే ఒక్కరికీ ఎక్కలేదని తెలిసిపోతోంది. బయటికొచ్చాక మా లెక్కల టీచర్ ఒకటే అన్నారట, "రూల్ రేపు చెప్దువుగాని బాబూ, ముందు వాళ్ళు మైనస్ 5 అని ఎందుకన్నారో ఆలోచించు" అని. మర్నాడు ఆయన బట్టలారేసే తాడు తెచ్చి వరండా స్తంభాలకి కట్టి, నంబర్లు రాసిన అట్టముక్కలు క్లిప్పులతో వేలాడదీసి, పిల్లల్నే వచ్చి వాటి చోట్లో పెట్టమన్నారు. సున్నా దగ్గర గొడవ మొదలైంది, మైనస్‌లు ఎటువైపు పెట్టాలని. అప్పుడు అడిగారు, కొట్టులో మూడు రూపాయలు అప్పున్నవాడు నయమా ఐదు రూపాయలు అప్పున్నవాడు నయమా అని. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప "మూడు అప్పున్నోడే నయం సార్, మైనస్ 3యే పెద్దది" అని వెళ్ళి తన చేత్తో అట్ట మార్చి పెట్టింది. నేను వరండా చివర నిలబడి చూశాను. రెండో రోజుకే అలా చెప్పగలిగారంటే మొదటిరోజు వెనక కూర్చుని చూసిన మనిషి ఉండబట్టే.

అన్నీ ఇలాగే జరిగాయని చెప్పను. అక్టోబర్‌లో ఒక మేడం హోంవర్క్ తేలేదని ఒక బాబుని అందరిముందూ నిలబెట్టి గట్టి మాట అనేశారు, చెయ్యి చేసుకోలేదు గానీ బాబు రెండు రోజులు బడికి రాలేదు. వాళ్ళమ్మగారు వచ్చి నాతో చెప్పుకుని ఏడ్చారు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం కొట్టడం ఒక్కటే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా నిషేధం, ఇది మొదటిరోజే అందరికీ చెప్పాను, అయినా జరిగింది, ఆ బాధ్యత నాది. ఆ మేడం నాతోపాటు వాళ్ళింటికి వచ్చి బాబుకి సారీ చెప్పారు, వారం పాటు ఆమెని మళ్ళీ వెనక బెంచీలో కూర్చోబెట్టాను. మీ పిల్లలకి అలాంటిది ఏదైనా ఎదురైతే దయచేసి దాచకండి, నేరుగా నా గదికి రండి.

ఇంకోటి, మీలో కొందరికి నచ్చనిదే, వీళ్ళు ఇళ్ళకి రావడం. ఒక్కొక్కరు ఒక పిల్లాణ్ణి లేదా పిల్లని దగ్గరగా గమనించి కేస్ స్టడీ రాయాలి, అందుకే వస్తున్నారు. అందులో పిల్లల పేర్లు, ఊరు, ఇంటిపేరు ఏవీ ఉండవు, రాసినవి నేను చదివాకే కాలేజీకి వెళ్తాయి. ఒకబ్బాయి ప్రతి సోమవారం బడికి డుమ్మా, మూడేళ్ళుగా బద్ధకం అనుకున్నాం మేమంతా. సోషల్ ట్రైనింగ్ మేడం వెళ్ళి చూస్తే సోమవారం సంత, అమ్మానాన్న ఇద్దరూ కూరగాయలు పట్టుకెళ్తారు, చిన్న చెల్లిని చూసుకోడానికి వీడు ఇంట్లో. ఇప్పుడు ఆ పాపని మన ప్రహరీ పక్కనే ఉన్న అంగన్వాడీలో దింపేసి వీడు బడికొస్తున్నాడు. మూడేళ్ళలో మాలో ఒక్కరికీ ఆ గుమ్మం దాకా వెళ్ళాలని తోచలేదు, అది మా తప్పే.

ఇక ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇదీ రాస్తున్నా. బీఈడీ చేస్తే ప్రైమరీలో ఎస్జీటీ పోస్టుకి పనికిరాదండి, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, దానికి డీఈడీ అనే ప్రైమరీ టీచర్ల డిప్లొమా ఉండాలి. తెలియక ఫీజులు కట్టేసిన వాళ్ళని చూశాను, అందుకే గట్టిగా చెప్తున్నా. ఇంటర్ అయిన వెంటనే డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్ళలో చేసే ఐటెప్ అనే కోర్సు 2023-24లో దేశం మొత్తం మీద 57 సంస్థల్లో మొదలైంది, ఎన్‌సెట్ అనే ఎంట్రన్స్ తెలుగులో కూడా రాయొచ్చు. కొత్త విద్యా విధానం 2030 నాటికి టీచర్‌కి కనీస అర్హత ఈ నాలుగేళ్ళ బీఈడీయే కావాలంటోంది. నాలుగేళ్ళ కోర్సంటే కొత్త వింత అనుకోకండి, మైసూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ 1963లో పుట్టింది, మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోవే, అక్కడ ఎప్పట్నుంచో ఉంది. మార్కులు బాగా వచ్చి, చిన్నపిల్లలకి ఏదైనా వివరించి చెప్పడం ఇష్టపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒకసారి నా దగ్గరికి పంపండి, ఇంజినీరింగ్‌లో సీటు రాకపోతే చూద్దాంలే అని మాత్రం పంపొద్దు.

ఈ ట్రైనింగ్ వాళ్ళు మన బడికొచ్చిన వారంలోనే, 2025 సెప్టెంబర్ 1న, సర్వీసులో ఐదేళ్ళకి మించి మిగిలున్న టీచర్లు కూడా రెండేళ్ళలోపు టెట్ అనే టీచర్ అర్హత పరీక్ష పాసవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మా స్టాఫ్‌లో ఇద్దరు అందుకే చదువుతున్నారు, లంచ్ టైంలో స్టాఫ్ రూంలో మా సీనియర్ మేడం సైకాలజీ చాప్టర్ తెరిస్తే పక్కన ఇరవై మూడేళ్ళ ట్రైనింగ్ అమ్మాయి కూర్చుని డౌట్లు చెప్తోంది, మధ్యాహ్నం అదే అమ్మాయి క్లాసు చెప్తుంటే మేడం వెనక కూర్చుని తప్పులు రాసుకుంటున్నారు. వాళ్ళిద్దర్నీ చూస్తుంటే కడుపు నిండిపోతోంది నాకు.

సంక్రాంతి సెలవులకి ముందే వీళ్ళు వెళ్ళిపోతారు. ఆఖరి శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా వాళ్ళూ పిల్లలూ కలిసి చేసిన టీఎల్ఎంలన్నీ, అంటే పాఠాలు చెప్పడానికి వాడే సామగ్రి అంతా, వరండాలో పెడుతున్నాం, పనికి సెలవు పెట్టక్కర్లేదు, అరగంట వచ్చి వెళ్ళినా చాలు. ఇంట్లో పాత క్యాలెండర్లు, అట్టపెట్టెలు, పాత చీరల అంచులు, బొత్తాలు ఉంటే ఈ వారంలోనే పిల్లలతో పంపండి. వాళ్ళకి ఎవరూ బహుమతులు, డబ్బులు ఇవ్వొద్దు, ట్యూషన్ చెప్పమని కూడా అడగొద్దు, అది వాళ్ళ కాలేజీ రూల్‌కీ మన బడి రూల్‌కీ విరుద్ధం. మీటింగ్‌లో ఆ ప్రశ్న అడిగిన నాన్నగారూ, మీరు తప్పకుండా రావాలి, ఆ తాడు ఆ రోజు కూడా వరండాలో కట్టే ఉంటుంది, మీ అమ్మాయే దగ్గరుండి చూపిస్తానంది.

మీ
హెడ్‌మిస్ట్రెస్