నల్లా గ్రూపు రెండు ముక్కలైంది: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాతబస్తీలో మా గల్లీకి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. నల్లా ఎప్పుడు వదులుతారో చెప్పుకోవడానికి పెట్టుకున్నాం. లైన్‌మన్ వాల్వ్ తిప్పగానే చివరింటి ఖాలా (ఉర్దూలో పిన్ని) "పానీ ఆగయా", అంటే నీళ్లొచ్చాయి, అని మెసేజ్ పెట్టేది, మేం బిందెలు సర్దుకునేవాళ్లం. ఎన్నికలొచ్చాక పార్టీల వీడియోలు మొదలయ్యాయి. చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

ఒక వినాయక చవితికి, ఊరేగింపు మీద రాళ్లు పడుతున్న వీడియో వచ్చింది. "మన పక్క బస్తీలోనే, ఇప్పుడే" అని కింద రాశారు. అరగంటలో షట్టర్లు దిగాయి. ఇంటర్ చదివే మావాడు వీడియో ఆపి చూపించాడు: వెనక దుకాణం బోర్డు మీదున్నవి తెలుగు అక్షరాలూ కావు, ఉర్దూవీ కావు. అప్పటికే గ్రూపులో అనకూడని మాటలన్నీ అనేసుకున్నారు. రాత్రికల్లా సగం మంది వెళ్లిపోయి వేరే గ్రూపు పెట్టుకున్నారు, ఖాలాతో సహా. తర్వాతి తడవ నల్లా వచ్చి పోయిన సంగతి మా వైపు ఇళ్లకు తెలియనే లేదు.

బిందెడు నీళ్ల గొడవకు మంత్రికి ఉత్తరమా అనుకోకండి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్న పుకారు నమ్మి, చాంద్రాయణగుట్టలో గుంపు దాడి చేస్తే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను 5 చాట్లకు కట్టడి చేసింది. 2020లో, అప్పటికే చాలాసార్లు తిరిగిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. కానీ ఒక్క చాట్ అంటే ఒక గ్రూపూ కావచ్చు. 256 మంది పట్టే గ్రూపు 2022లో 1024 మందికి పెరిగింది. పైగా వీడియోను ఫోన్లో దాచుకుని కొత్తగా పంపితే ఫార్వర్డ్ గుర్తే ఉండదు. ఈ కిటుకు మా గల్లీ పిల్లలందరికీ తెలుసు.

అలాగని కొత్త చట్టం తెమ్మనడం లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్ పెడితే జైల్లో వేసే, ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఆ తర్వాత కూడా దాని కింద కేసులు పెడుతున్నారని 2021లో అదే కోర్టు విస్తుపోయింది. అలాంటిది మళ్లీ వస్తే ముందు ఇరుక్కునేది మావాడి వయసు పిల్లలే, వీడియో తయారుచేసినవాడు కాదు.

2018లోనే జోగులాంబ గద్వాల పోలీసులు పుకార్లు నమ్మొద్దని ఊళ్లలో పాటలు కట్టించి చెప్పారు. మా దగ్గర పండుగకు ముందు పోలీసులు, రెండు మతాల పెద్దలతో పీస్ కమిటీ కూర్చుంటుంది, చాయ్ తాగి లేస్తుంది. ఆ కమిటీ సభ్యుల నంబర్లతో ప్రతి స్టేషన్‌కూ ఒక జాబితా చేయించండి. పుకారు పుట్టిన గంటలోపు ఇన్‌స్పెక్టర్ గొంతుతోనే, తెలుగులో ఒకటి, దక్కనీలో (మా హైదరాబాదీ ఉర్దూలో) ఒకటి ఆడియో పంపించండి. ఎక్స్‌లో ఇంగ్లిష్‌లో పెట్టే ఖండన ఖాలా దాకా రాదు. మనవాళ్లకు సర్దుకుపోవడం చేతకాక కాదు. 2023లో వినాయక నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు పండుగ మిలాద్ ఒకే రోజు పడితే ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి జరుపుకున్నారు.

ఇంకొకటి, అడగడానికి ఇబ్బందిగానే ఉంది. మీ పార్టీతో సహా అన్ని పార్టీల సోషల్ మీడియా విభాగాలను పిలిచి, తప్పుడు వీడియో పెడితే అదే పేజీలో తప్పని ఒప్పుకుంటామని రాయించుకోండి. మీ పార్టీతోనే మొదలుపెడితే మిగతావాళ్లకు సాకు ఉండదు.

ప్రస్తుతానికి ఖాలా నాకు విడిగా మెసేజ్ పెడుతోంది. దాన్ని మా గ్రూపులో నేను వేస్తున్నాను.

ఇట్లు,
పాతబస్తీ వాసి, హైదరాబాద్