రాజధానిని కాపాడే సైన్యం ఎవరి మాట వినాలి?

సంపాదకుల వారికి, నమస్కారం.

దక్షిణ కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి విధించిన సైనిక పాలన గురించి మాట్లాడేటప్పుడు మనం అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ దగ్గరే ఆగిపోతున్నాం. ఆ రాత్రి పార్లమెంటుకు వెళ్లిన దళాల్లో సియోల్ రాజధాని రక్షణ కమాండ్ సైనికులూ ఉన్నారు. ఆ కమాండ్ చరిత్ర కూడా మన పాఠకులకు తెలియాలి.

ఉత్తర కొరియా సరిహద్దు సియోల్‌కు సుమారు 50 కిలోమీటర్లే. 1968లో 31 మంది ఉత్తర కొరియా కమాండోలు అధ్యక్ష భవనం దగ్గర దాకా వచ్చేశారు. కాబట్టి రాజధానికి ప్రత్యేక సైన్యం కావాల్సిందే. కాకపోతే ఈ కమాండ్ పుట్టిందే 1961లో, పార్క్ చుంగ్ హీ సైనిక తిరుగుబాటు జరిగిన కొద్ది వారాలకు! 1979 డిసెంబరు 12న మరో సైనిక జనరల్ చున్ డూ హ్వాన్ చేసిన తిరుగుబాటును అప్పటి కమాండర్ జాంగ్ టే వాన్ గట్టిగా ఎదిరించారు. ఆయన కింది అధికారులే కొందరు అవతలి పక్షం చేరారు, చివరికి ఆయన్నే అరెస్టు చేశారు.

ఇదే కమాండ్‌లోని ఒక కల్నల్, 2024 డిసెంబరులో ఆ రాత్రి పార్లమెంటు సభ్యులను బయటికి లాగమని తనకు ఆదేశం వచ్చిందని 2025లో రాజ్యాంగ న్యాయస్థానంలో సాక్ష్యమిచ్చారు. ఆ రాత్రి వెనక వస్తున్న దళాన్ని ఆయన పార్లమెంటుకు వెళ్లే దారిలోని వంతెన దాటొద్దని ఆపేశారు. అలాంటి అధికారుల గురించి మీ పత్రికలో వివరంగా రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయనగరం