క్లబ్ కారు అప్‌గ్రేడ్ నిధి: అక్టోబర్ నుంచి మార్చి వరకు జమా ఖర్చుల వివరణ

గ్రూపు సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

మన క్లబ్ రిమోట్ కంట్రోల్ కారుకి కొత్త మోటార్ వచ్చిన రోజు నుంచి గ్రూపులో ఒకటే మాట నడుస్తోంది: "ఒక బొమ్మ కారుకి నలభై వేలు దాటిందా?" డబ్బు ఇచ్చినవాళ్లు లెక్క అడగడంలో తప్పేమీ లేదు. ఈ లెక్క జనవరి నెలాఖరుకే ఇస్తామని చెప్పి ఇవ్వలేకపోయాం. ఆ ఆలస్యానికి కమిటీ తరఫున క్షమించమని అడుగుతున్నాం. అయితే "డబ్బు ఎవరి జేబులోనో తిరుగుతోంది" అన్న మాట మాత్రం మమ్మల్ని చాలా బాధపెట్టింది. అందుకే పైసాతో సహా కింద రాస్తున్నాం.

ముందు జమ.

అక్టోబర్ మీటింగ్‌లో 26 మంది తలా రూ. 1,500 ఇస్తామని ఒప్పుకున్నారు.
పూర్తిగా ఇచ్చినవారు 21 మంది: రూ. 31,500
కొంత ఇచ్చినవారు ఇద్దరు, 500 చొప్పున: రూ. 1,000
డల్లాస్‌లో ఉంటున్న మన పాత సభ్యుడు పంపింది: రూ. 5,000
ఆదివారాలు పిల్లలతో వచ్చే తల్లిదండ్రులు ఇచ్చింది: రూ. 3,200
పాత ఛార్జర్, మిగిలిపోయిన విడిభాగాలు అమ్మితే వచ్చింది: రూ. 1,300
మొత్తం జమ: రూ. 42,000

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డల్లాస్ తమ్ముడు ఈ ట్రాక్ మీద కారు నడిపి ఆరేళ్లు దాటింది. అయినా అడగకుండానే పంపాడు.

ఇక ఖర్చు. కారు కొన్న డబ్బు ఈ లెక్కలో లేదు, అది పోయినేడాదిది. మనది తమియా టిటి-02. 2013లో వచ్చిన మోడల్, 1/10 సైజు, నాలుగు చక్రాలకూ షాఫ్ట్‌తో పవర్ అందుతుంది. తక్కువ ధరలో దొరికే హాబీ గ్రేడ్ కార్లలో పేరున్నది. ఇది బొమ్మ కారు కాదని మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది. బొమ్మ కారు పాడైతే అటకెక్కుతుంది. ఇందులో ప్రతి భాగాన్నీ స్క్రూ విప్పి మార్చుకోవచ్చు. మన పిల్లలు నేర్చుకుంటున్నది అదే.

బాల్ బేరింగ్‌ల సెట్టు: రూ. 1,450. కిట్‌తో వచ్చినవి ప్లాస్టిక్ బుష్‌లు. విప్పినప్పుడు దుమ్ము, గ్రీజు కలిసి నల్లటి ముద్దలా అంటుకుని ఉన్నాయి. చక్రాన్ని చేత్తో తిప్పితే రెండు చుట్లకే ఆగిపోయేది. ఇప్పుడు తిప్పి వదిలేస్తే మనం చూస్తుండగా తిరుగుతూనే ఉంటుంది. మొత్తం ఖర్చులో ఇంత తక్కువకి ఇంత లాభం ఇచ్చింది ఇంకొకటి లేదు.

ఆయిల్ షాకులు నాలుగు, సిలికాన్ ఆయిల్ రెండు సీసాలు: రూ. 4,850. పాతవాటిలో ఆయిలే లేదు, స్ప్రింగు, రాపిడి తప్ప. మన ట్రాక్ ఉన్న కోర్టులో కాంక్రీటు పలకల మధ్య అతుకు దగ్గర కారు ఎగిరి పడేది అందుకే.

అల్యూమినియం ప్రొపెల్లర్ షాఫ్ట్, కప్పులు: రూ. 2,150.
రబ్బరు టైర్లు, లోపలి ఫోమ్, రిమ్ములు, రెండు సెట్లు: రూ. 4,300.
స్టీరింగ్ సర్వో (ముందు చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటార్), గట్టి సర్వో సేవర్ (చక్రం గుద్దుకుంటే సర్వోని కాపాడేది): రూ. 2,900.
బ్యాలెన్స్ ఛార్జర్ 2,900, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌లు రెండు 4,200, సేఫ్టీ బ్యాగు 450: రూ. 7,550.

పాడైన ప్యాక్ బదులు ఇంకో లైపో: రూ. 2,100. దీని గురించి దాచేదేమీ లేదు, తప్పు కమిటీదే. లైపోలో ఒక్కో సెల్ వోల్టేజ్ 3 కంటే దిగకూడదు. మన పాత ఈఎస్సీకి (మోటార్‌కి వెళ్లే పవర్‌ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్) లైపో కటాఫ్, అంటే వోల్టేజ్ బాగా దిగితే పవర్ ఆపే ఏర్పాటు, లేదు, అది నికెల్ బ్యాటరీ రోజుల పద్ధతిది. కొత్త ఈఎస్సీ వచ్చేదాకా లైపో వాడొద్దని నిర్ణయించుకుని కూడా, డిసెంబర్‌లో పిల్లలు బతిమాలితే ఒక్క రోజు పెట్టాం. కారు నెమ్మదించే వరకు నడిపారు. మర్నాడు కొలిస్తే ఒక సెల్ 2.4 వోల్టుల దగ్గర ఉంది, ప్యాక్ నడుమ దిండులా ఉబ్బింది. దాన్ని ఆరుబయట పెట్టి పూర్తిగా డిశ్చార్జ్ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి పడ్డ టెన్షన్ మాకే తెలుసు.

స్టీల్ పినియన్ (మోటార్ మీద ఉండే చిన్న గేరు), స్పర్ గేరు (దానితో కలిసి తిరిగే పెద్ద గేరు), డిఫరెన్షియల్ గ్రీజు, స్క్రూలు: రూ. 1,240. ఇందులో ఒక స్పర్ గేరు వృథా అయింది. తొందరలో పళ్ల కొలత 48 పిచ్ ఉన్న పినియన్ కొన్నాం. మన కారు గేర్ల కొలత వేరు, 0.6 మాడ్యూల్. పళ్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ కలవవు. రెండు నిమిషాల్లో ప్లాస్టిక్ పళ్లు నుజ్జయ్యాయి.

విరిగిన సస్పెన్షన్ ఆర్ములు, బాడీ క్లిప్పులు: రూ. 1,180.
ట్రాక్ హద్దులకి నీళ్ల పైపు, టేపు, చాక్‌పీసులు: రూ. 960.

ఇప్పుడు అందరూ అడుగుతున్న పద్దు.

సెన్సార్డ్ బ్రష్‌లెస్ మోటార్ (బ్రష్‌లు లేనిది, సెన్సార్ ఉన్నది), 17.5 టర్న్ (లోపలి తీగ చుట్ల లెక్క): రూ. 6,900. దానికి తగ్గ ఈఎస్సీ: రూ. 4,700. కస్టమ్స్ సుంకం, కొరియర్: రూ. 3,350. అన్నీ కలిపి రూ. 14,950. అక్టోబర్‌లో మేం చెప్పిన అంచనా 9,000. దాదాపు ఆరు వేలు పెరిగింది.

ఎలా పెరిగిందంటే, జనవరి 9న ఇక్కడే ఒక అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టి డబ్బు కట్టాం. పన్నెండు రోజుల తర్వాత స్టాక్ లేదన్నారు. డబ్బు వెనక్కి రావడానికి ఫిబ్రవరి 4 అయింది. "జేబులో తిరుగుతోంది" అన్న డబ్బు ఇదే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పోయిన తేదీ, వచ్చిన తేదీ రెండూ ఉన్నాయి, చూసుకోవచ్చు. ఫిబ్రవరి 6న విదేశం నుంచి తెప్పించడానికి మళ్లీ ఆర్డర్ పెట్టాం. సుంకం ఎంత పడుతుందో మా అంచనాలో లేదు. పార్సిల్ మార్చి 2న చేతికొచ్చింది. ఈలోగా చల్లటి ఉదయాలన్నీ గడిచిపోయాయి. ఇప్పుడు తొమ్మిది దాటితే కోర్టు మీద నిలబడలేం. పిల్లలకి జరిగిన ఆ నష్టం మాకూ బాధగానే ఉంది.

రెండో ఆర్డర్ పెట్టేముందు మీటింగ్ పిలవాల్సింది. పిలవలేదు. కమిటీలోని ఐదుగురం ఫోన్‌లో మాట్లాడుకుని నిర్ణయం తీసుకున్నాం. అక్కడ మీ మాట నిజం, ఒప్పుకుంటున్నాం.

కానీ మోటారే అనవసరం అన్నది ఒప్పుకోలేం. గ్రూపులో ఒకరు వేసిన లెక్క సరైనదే. ఒకే డ్రైవర్, ఒకే లేఅవుట్, పది ల్యాపుల సగటు తీస్తే మొదట 11.8 సెకన్లు. బేరింగులు, షాకులు, షాఫ్ట్, టైర్లు, సర్వో మార్చాక 10.1. మోటార్ మార్చాక 9.4. అంటే రూ. 15,650తో 1.7 సెకన్లు తగ్గితే, 14,950తో తగ్గింది 0.7 మాత్రమే. అయితే మోటార్ ఎందుకు?

మొదటి కారణం పైన చెప్పిన ఉబ్బిన ప్యాక్. కొత్త ఈఎస్సీ సెల్‌కి 3.2 వోల్టుల దగ్గర దానంతట అదే పవర్ తగ్గిస్తుంది. పదేళ్ల పిల్లలు పట్టుకునే కారులో లైపో పెట్టాలంటే ఇది తప్పదు. రెండోది వేడి. పాత బ్రష్డ్ మోటార్ ఐదు నిమిషాలు నడిచాక థర్మామీటరు 92 డిగ్రీలు చూపించింది, వేలు ఆనించలేకపోయాం. లోపల బ్రష్‌లు సగానికి పైగా అరిగాయి. కొత్తది అదే ఐదు నిమిషాలకి 58 డిగ్రీలు, అరగడానికి బ్రష్‌లే లేవు. మూడోది, సెన్సార్ ఉండడం వల్ల కారు నిలబడ్డ చోటు నుంచి కుదుపు లేకుండా కదులుతుంది. ఇప్పుడే ట్రిగ్గర్ పట్టుకోవడం నేర్చుకుంటున్న పిల్లకి ల్యాప్ టైం కంటే అదే ముఖ్యం.

కుర్రాళ్ల ఫిర్యాదు దీనికి పూర్తిగా ఎదురు. 13.5 టర్న్ తెప్పించాల్సింది, 17.5 నెమ్మది అంటున్నారు. టర్న్‌లు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుందన్నది నిజమే. కానీ మన ట్రాక్‌లో అన్నిటికన్నా పొడవైన నేరు దారి 18 మీటర్లు. పినియన్‌కి 22 పళ్లు, స్పర్‌కి 70, కారు లోపలి గేర్ల నిష్పత్తి 2.6. మొత్తం 8.27 గేరింగ్ (చక్రం ఒక్క చుట్టుకి మోటార్ తిరిగే చుట్లు) మీదే కారు ఆ చివరికి చేరకముందే బ్రేకు వేయాల్సి వస్తోంది. ఇంకా వేగం ఉంటే ఆర్ములు విరిగే ఖర్చు పెరుగుతుంది తప్ప టైం తగ్గదు.

"ఈ డబ్బుతో ఇంతకన్నా మంచి కారే వచ్చేది" అన్నవారికి ఒక మాట. వచ్చేది. కానీ మన సభ్యుల్లో నలుగురి ఇళ్లలో ఇదే మోడల్ ఉంది. ఆదివారం ఏదైనా విరిగితే పక్క పెట్టెలోంచి భాగం తీసి పది నిమిషాల్లో మళ్లీ ట్రాక్ మీద పెడుతున్నాం. కార్బన్ ఛాసిస్ కారు విరిగితే భాగం వచ్చేదాకా పిల్లలు చూస్తూ కూర్చోవాలి.

మొత్తం ఖర్చు: రూ. 43,630
మొత్తం జమ: రూ. 42,000
లోటు: రూ. 1,630, కోశాధికారి తన చేతి నుంచి వేశారు.

రావలసినవి రూ. 6,500. ముగ్గురు పూర్తిగా, ఇద్దరు వెయ్యి చొప్పున బాకీ. పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకి తెలుసు. లెక్క గురించి గట్టిగా అడిగినవారిలో ఇద్దరు ఈ ఐదుగురిలో ఉన్నారని మాత్రం చెప్పక తప్పడం లేదు. ఇంట్లో నిజంగా ఇబ్బంది ఉంటే కోశాధికారికి విడిగా చెప్పండి, మాఫీ చేస్తాం, ఎవరికీ తెలియనివ్వం. బాకీ అంతా వస్తే లోటు తీరి రూ. 4,870 మిగులుతుంది. మొదటి సెట్టు టైర్లు అంచుల్లో నున్నగా అరిగాయి, ఆ డబ్బుతో ఇంకో సెట్టు కొందామని ఉంది. ఈసారి మీటింగ్‌లో అడిగాకే.

బిల్లులు, సుంకం రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, ల్యాప్ టైంలు రాసిన నోటుపుస్తకం వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి ట్రాక్ దగ్గర టేబుల్ మీద ఉంటాయి. పాత మోటార్ కూడా విప్పి పెడతాం, అరిగిన బ్రష్‌లు చూడొచ్చు.

ఇట్లు,
కమిటీ తరఫున, కోశాధికారి