ఫస్టియర్ పిల్లలకు ఆ మూడు వారాలు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సమయంలో ఏ బ్రాంచ్‌కు గిరాకీ ఉంది, ఎన్ని సీట్లు మిగిలాయి అని పేజీల కొద్దీ వార్తలు వస్తాయి. సీటు వచ్చిన పిల్లలు ఆ తర్వాత మొదటి సెమిస్టర్‌లో ఎలా ఉన్నారన్నది మాత్రం పెద్దగా కనిపించదు. హైదరాబాద్ జేఎన్టీయూకు అనుబంధంగా ఉన్న ఒక కాలేజీలో ఫస్టియర్‌కు మ్యాథ్స్ చెబుతాను కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన మోడల్ కరిక్యులమ్‌లోనే కొత్తగా చేరిన వాళ్లకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ ఉండాలని రాసి ఉంది. ఆటలు, పాటలు, బొమ్మలు, మానవ విలువల మీద చర్చలు, చుట్టుపక్కల ప్రాంతాలు చూడటం, డిపార్ట్‌మెంట్ పరిచయం, పిల్లల్ని చిన్న బృందాలు చేసి ఒక్కో బృందాన్ని ఒక అధ్యాపకుడికి అప్పగించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. చాలా ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. కానీ నాకు తెలిసిన కాలేజీల్లో అది ఆడిటోరియంలో రెండు మూడు రోజుల ఉపన్యాసాలతో అయిపోతుంది. ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారు ప్యాకేజీల గురించి చెబుతారు, ర్యాగింగ్ మీద ఒక పోలీసు అధికారి హెచ్చరిస్తారు, మర్నాటి నుంచి నేను క్లాసుకెళ్లి మ్యాట్రిక్స్ ర్యాంక్ కనుక్కోవడం మొదలుపెట్టాలి. ఎందుకంటే రెండు నెలలు తిరిగేసరికి ఫస్ట్ మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి పరీక్ష, అప్పటికి సగం సిలబస్ అయిపోవాలి.

అసలు ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో ఒకసారి చూడండి. ఎక్కువమంది రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో రెండేళ్లు గడిపి వచ్చినవాళ్లు. తెల్లవారుజామున లేపడం దగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఏ గంటకు ఏ పుస్తకం తీయాలో వేరే వాళ్లు చెబితే చేశారు, ఫోన్ లేదు, సెలవు లేదు, వారం వారం పరీక్ష, మార్కుల లిస్టు. 'ఈ రెండేళ్లు కష్టపడు, బీటెక్‌లో ఎంజాయ్ చేద్దువుగాని' అని ఇంట్లోనూ చెప్పారు, కాలేజీలోనూ చెప్పారు. ఇక్కడికొచ్చాక చేతిలో ఫోన్, చుట్టూ కొత్త ముఖాలు, చదివావా అని అడిగేవాళ్లు లేరు. వీళ్లని సోమరులని నేనెప్పుడూ అనను, తమంతట తాము ఒక రోజును ఎలా గడపాలో వీళ్లకి ఎవరూ నేర్పలేదు.

చదువు కూడా ఒక్కసారిగా మారిపోతుంది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అన్నీ ఆప్షన్లతో, తప్పు రాస్తే మార్కులు పోవు. ఆ సాధన ఎంత బలమైందంటే రోల్స్ థియరంలో సి విలువ ఎంత అంటే నా క్లాసులో సగం మంది నోటితోనే చెప్పేస్తారు. అదే లెక్కని పేపర్ మీద పెట్టి, థియరంలోని మూడు షరతులు రాయండి, ఈ ఫంక్షన్‌కు అవి ఎలా సరిపోయాయో చూపించండి అంటే పెన్నులు ఆగిపోతాయి. ఇక సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్. సీబీఎస్ఈలో పైథాన్ నేర్చుకుని వచ్చిన అబ్బాయి పక్కనే, కీబోర్డు మీద సెమీకోలన్ ఎక్కడుందో వెతుక్కునే అమ్మాయి కూర్చుంటుంది. ఆ అమ్మాయికి తెలివి తక్కువేం కాదు, మా ఊళ్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మంచి మార్కులతో పాసై వచ్చింది, డౌట్ ఇంగ్లిష్‌లో అడగాలి కాబట్టి అడగదు, అంతే. నేను తెలుగులో చెప్పిన రోజున అలాంటి పిల్లల దగ్గర్నుంచే మంచి ప్రశ్నలు వస్తాయి.

వీటికి తోడు అడ్మిషన్లు ఒకేసారి ముగియవు. క్లాసులు మొదలయ్యాక కూడా తర్వాతి విడత వాళ్లు, స్లైడింగ్‌లో, అంటే అదే కాలేజీలో ఖాళీ అయిన సీటుకి, బ్రాంచ్ మారినవాళ్లు, మిగిలిన సీట్లకు కాలేజీలోనే చేర్చుకునే స్పాట్ అడ్మిషన్ల వాళ్లు వస్తూనే ఉంటారు. ఆలస్యంగా చేరిన వాళ్లకి మొదటి యూనిట్ ఎవరు చెప్పాలి? వాళ్లు కూడా అదే తేదీకి అదే మిడ్ రాస్తారు. మొదటి సెమిస్టర్‌లో రెండు మూడు సబ్జెక్టులు తప్పిన పిల్లాడు ఇంట్లో చెప్పడానికి భయపడి, క్లాసుకి రావడం మానేసి, ఆ తర్వాత అటెండెన్స్ 75 శాతం లేదని, పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లు చాలలేదని డిటైన్ అయిపోతాడు, అంటే పైకి వెళ్లకుండా ఆగిపోతాడు. అప్పుడు తల్లిదండ్రులు వచ్చి మా ముందు ఏడుస్తారు. ఇంటర్‌లో 950 దాటిన పిల్లాడండీ అంటారు. వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఉన్నత విద్యామండలిని, యూనివర్సిటీని నేను కొత్త పథకం అడగడం లేదు. అడ్మిషన్లన్నీ పూర్తయ్యాకే ఫస్టియర్ మొదటి రోజు పెట్టండి. అది కుదరకపోతే ఆలస్యంగా చేరిన వాళ్లకి మొదటి మిడ్ విడిగా పెట్టండి. ఇండక్షన్ మూడు వారాలు జరిగిందా లేదా అని తనిఖీకి వచ్చినప్పుడు ఫొటోలు, రిజిస్టర్లు చూసి వెళ్లిపోకుండా పిల్లల్నే అడగండి. సిలబస్ టైమ్ తగ్గుతుందని కాలేజీలు అంటాయి, నిజమే, తగ్గుతుంది. అయితే మొదటి సెమిస్టర్‌లో ఒక యూనిట్ తీసేయండి. ఇంటర్‌లో చదివిందే మళ్లీ చెబుతున్న భాగం మా మ్యాథ్స్ సిలబస్‌లోనే ఉంది, ఏది తీయొచ్చో కూర్చోబెట్టి అడిగితే నాలాంటి టీచర్లం చాలామందిమి చెబుతాం.

ఇట్లు,
ఫస్టియర్ గణిత అధ్యాపకురాలు,
మేడ్చల్ జిల్లా