లీకు చేసినవాడి సంగతి సరే, 2014 చట్టం ఎక్కడుంది?

సంపాదకులు గారికి,

ప్రభుత్వ ఫైలు ఏదైనా బయటపడితే చాలు, మర్నాటి నుంచి చర్చంతా దాన్ని బయటపెట్టిన మనిషి చుట్టూ తిరుగుతుంది. ద్రోహి అని ఒకరు, ధీరుడని ఇంకొకరు. ఆఫీసులో అక్రమం కంటపడ్డ ఉద్యోగి పత్రిక దాకా రాకుండా ఎవరికి చెప్పుకోవాలి, చెప్పాక అతని ఉద్యోగానికీ ప్రాణానికీ ఎవరు పూచీ అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే అరకొర జవాబు ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి కేంద్ర స్థాయిలో ఆ అరకొర దారి కూడా లేదు.

కారణం, పార్లమెంటు చేసిన చట్టం గెజిట్‌లో అచ్చయి అక్కడే ఆగిపోవడం. ప్రజావేగుల రక్షణ చట్టానికి (విజిల్ బ్లోయర్స్ ప్రొటెక్షన్ యాక్ట్) రాష్ట్రపతి ఆమోదం 2014 మే 9న లభించింది. ఎప్పటి నుంచి అమలు చేయాలో కేంద్రం నోటిఫికేషన్ ద్వారా ప్రకటించాలని దాని మొదటి సెక్షనే చెబుతోంది. ఆ నోటిఫికేషన్ ఇంతవరకూ రాలేదు. దీనికి మళ్లీ బిల్లు పెట్టనక్కర్లేదు, ఓటింగూ అక్కర్లేదు.

ఆ చట్టం అమల్లో ఉంటే ఏమయ్యేది? ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టడాన్ని నేరంగా చూసే అధికార రహస్యాల చట్టంలో ఏమున్నా సరే, అవినీతి గురించీ అధికార దుర్వినియోగం గురించీ నిర్ణీత అధికారికి ఫిర్యాదు చేసే హక్కు ప్రభుత్వోద్యోగికీ, మామూలు పౌరుడికీ, స్వచ్ఛంద సంస్థకూ దక్కేది. రాష్ట్ర ఉద్యోగుల మీద వచ్చే ఫిర్యాదులు రాష్ట్ర విజిలెన్స్ కమిషన్ ముందుకు వెళ్లేవి. ఫిర్యాదీ పేరు బయటపెట్టిన అధికారికి మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. ఫిర్యాదు చేశాక బదిలీయో సస్పెన్షనో వస్తే, అది కక్షసాధింపు కాదని నిరూపించుకోవాల్సింది ప్రభుత్వ శాఖే. ఉద్యోగికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఈ చివరి నిబంధనే. కక్షసాధింపును రుజువు చేసే కాగితాలు ఎప్పుడూ పై అధికారి బీరువాలోనే ఉంటాయి కదా.

చట్టంలో లోపాలు లేవని కాదు. పేరు లేని ఫిర్యాదును తీసుకోరు. ఏడేళ్లు దాటిన వ్యవహారాన్ని పట్టించుకోరు. తెలిసి తెలిసి తప్పుడు ఫిర్యాదు చేశాడని తేలితే రెండేళ్ల దాకా జైలు. వేధింపు అంటే ఏమిటో నిర్వచనం లేదు. ప్రైవేటు రంగం ఊసే లేదు. ఇన్ని ఉన్నా ఏమీ లేకపోవడం కంటే నయమే. కేంద్రం మాత్రం ఈ లోపాలను వదిలేసి, చట్టంలో ఉన్న బలాన్ని కోసే సవరణ తెచ్చింది. 2015 మే 13న లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లు అధికార రహస్యాల చట్టం నుంచి ఇచ్చిన మినహాయింపును తీసేసింది. సమాచార హక్కు చట్టంలోని మినహాయింపుల నమూనాలో పది రకాల సమాచారాన్ని ఫిర్యాదులో వాడకూడదంది. వాటిలో కొన్ని అయితే ఆర్టీఐ కింద సంపాదించినవై ఉంటేనే చెల్లుతాయట! ఆర్టీఐ దరఖాస్తు అంటే పేరూ చిరునామా రాసి అదే ఆఫీసుకు ఇవ్వాలి. గుట్టుగా ఫిర్యాదు చేయాలనుకున్నవాణ్ణి ముందు ఆఫీసంతా చాటించుకు రమ్మన్నట్టు. ఆ బిల్లు రాజ్యసభలో ఉండగానే 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. సవరణ పోయింది, అసలు చట్టమూ రాలేదు.

ఇప్పుడున్న ఒకే దారి 2004 ఏప్రిల్ 21 నాటి ప్రభుత్వ తీర్మానం. పీఐడీపీఐ (పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ అండ్ ప్రొటెక్షన్ ఆఫ్ ఇన్‌ఫార్మర్స్) అని పిలుస్తారు. దాని వెనక ఒక చావు ఉంది. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల మీద ఇంజినీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. ఆ లేఖ పేరుతో సహా శాఖల మధ్య చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ హత్య అని సీబీఐ తేల్చింది. హత్యకూ లేఖకూ సంబంధం ఉందా లేదా అన్నది వేరే వాదం. దాచమన్న పేరును దాచలేదన్నది మాత్రం వాదం కాదు. సుప్రీంకోర్టు కలగజేసుకున్నాకే ఈ తీర్మానం వచ్చింది.

దీన్ని వాడుకునే పద్ధతి చాలామంది ఉద్యోగులకు తెలియదు, తెలిసినవాళ్లూ చిన్న పొరపాట్లతో చెడగొట్టుకుంటారు. కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఫిర్యాదును కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శి పేర, సతర్కతా భవన్, న్యూఢిల్లీ చిరునామాకు కవరు అంటించి పోస్టులో పంపాలి. కవరు మీద ‘పీఐడీపీఐ’ అని ఇంగ్లిషులో స్పష్టంగా రాయాలి. అది లేకపోతే మామూలు ఫిర్యాదుల గుట్టలో పడుతుంది, గోప్యత వర్తించదు. పంపినవారి పేరు కవరు మీద ఉండకూడదు, లోపలి లేఖలో మాత్రం మొదట్లోనో చివరలోనో పేరు, చిరునామా తప్పనిసరి. పేరులేని లేఖల మీద చర్య ఉండదు. స్పీడ్‌పోస్టు కౌంటర్లో ‘ఫ్రమ్’ అడ్రస్ లేదని వెనక్కిస్తే, ఇలాంటి కవర్లను పంపినవారి వివరాలు అడగకుండా తీసుకోవాలని తపాలా శాఖ ఆదేశాలు ఉన్నాయని చెప్పండి. ఈమెయిల్లోనో పోర్టల్లోనో పెట్టిన ఫిర్యాదుకు ఈ రక్షణ దొరకదు. లేఖ అందాక ఫిర్యాదు మీరే చేశారా అని కమిషన్ మీకు రాస్తుంది, జవాబివ్వాలి. ఆ తర్వాత పేరు తీసేసి విషయాన్ని మాత్రం విచారణకు పంపుతారు.

చెడేది ఇక్కడే. పేరు తీసేసినా లేఖలోని సంగతులే మనిషిని పట్టిస్తాయి. ‘ఫలానా తేదీన చాంబర్లో జరిగిన సమావేశంలో’ అని రాస్తే, అందులో కూర్చున్నది నలుగురే అయితే మిగిలింది తీసివేత లెక్క. నోట్‌ఫైలు జిరాక్సు జతచేసేవాళ్లు దాని మీద తమ పొట్టి సంతకం ఉన్న సంగతి మరిచిపోతారు. ఫైళ్లను కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసు వచ్చాక మరీ ఇబ్బంది: ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో లాగిన్ పేరుతో సహా నమోదవుతుంది. తమ పనితో సంబంధం లేని ఫైలును అర్ధరాత్రి తెరిచినవాళ్లు తొందరగా దొరికిపోతారు. కాబట్టి కాగితాలు జతచేయడం కన్నా, ఏ నంబరు ఫైలులో ఏ పేజీలు చూడాలో, ఏ బిల్లును ఏ కొలతల పుస్తకంతో (చేసిన పని కొలతలు రాసే రిజిస్టరు) పోల్చాలో చెప్పడం మేలు. విచారణాధికారి వాటిని తన అధికారంతో తెప్పించుకుంటాడు. ఇంకో పొరపాటు, అదే ఫిర్యాదు కాపీలను మంత్రికీ, సీబీఐకీ, నాలుగు పత్రికలకూ పంపడం. పలుచోట్లకు పంపినదాన్ని, ముందే సోషల్ మీడియాలో పెట్టినదాన్ని గోప్య ఫిర్యాదుగా చూడరు. ప్రమోషన్ రాలేదన్న సొంత గోడు కలిపినా అంతే. అసలు విషయం పక్కకు పోతుంది, రాసిందెవరో కూడా తెలిసిపోతుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా ఈ తీర్మానం పరిధి కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల వంటివాటి వరకే. మండలాఫీసులో, మున్సిపాలిటీలో, రాష్ట్ర నీటిపారుదల శాఖలో జరిగేదాన్ని ఇక్కడ చెప్పుకునే వీల్లేదు. మామూలు ఏసీబీ ఫిర్యాదుకు ఈ గోప్యతా హామీ ఉండదు. ఇక మిగిలింది పత్రికే.

పత్రికకు ఇస్తే ఎదురయ్యేది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. గూఢచర్యానికి సంబంధించిన 3వ సెక్షన్ కింద, రక్షణ వ్యవహారమైతే 14 ఏళ్ల దాకా శిక్ష. గూఢచర్యం కాకపోయినా 5వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా. ఇది ఇచ్చినవాడికే కాదు, తెలిసి పుచ్చుకున్నవాడికీ వర్తిస్తుంది. ఏది రహస్యమో చట్టం నిర్వచించలేదు. కాగితం మీద ముద్ర వేసే అధికారి విచక్షణే కొలబద్ద. పాత్రికేయుడు ఇఫ్తికార్ గిలానీని 2002 జూన్‌లో ఈ చట్టం కింద అరెస్టు చేసి ఏడు నెలలు జైల్లో ఉంచారు. ఆయన దగ్గర దొరికిన పత్రం అప్పటికే ఇంటర్నెట్‌లో ఉన్నదని తేలాక కేసు ఉపసంహరించుకున్నారు. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే ఈ చట్టాన్ని రద్దు చేసి, దేశభద్రతకు అవసరమైన నిబంధనలను జాతీయ భద్రతా చట్టంలో చేర్చమంది. సమాచార హక్కు చట్టం 8(2) సెక్షన్ కూడా, ప్రజా ప్రయోజనం పెద్దదైతే అధికార రహస్యాల చట్టం అడ్డు కాదని చెబుతోంది. అయితే ఆ మాట సమాచారం ఇవ్వాల్సిన శాఖకే తప్ప, సొంతంగా బయటపెట్టే గుమాస్తాకు రక్షణ కాదు. ఈ తేడా తెలియక 8(2)ను నమ్ముకోవడం ప్రమాదం.

రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు కేసులో సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 10న ఇచ్చిన తీర్పును ఇరుపక్షాలూ తమకు నచ్చినట్టు వాడుకుంటున్నాయి. కోర్టు చెప్పింది రెండు ముక్కలు: పత్రికలో వచ్చిన రక్షణ శాఖ పత్రాలను కోర్టు చూడవచ్చు; రహస్య ముద్ర ఉన్న పత్రాల ప్రచురణను ఆపే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికి ఇవ్వలేదు. ఆ పత్రాలు ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టకూడదని మాత్రం అనలేదు. పైగా అదే ఏడాది నవంబరు 14న ఆ కొనుగోలుపై తన పాత తీర్పును మళ్లీ పరిశీలించమన్న రివ్యూ పిటిషన్లను కొట్టేసింది. పత్రాన్ని చదవడానికి ఒప్పుకోవడం వేరు, దాన్ని బట్టి ఆరోపణ నిజమైందనడం వేరు.

పత్రికల బాధ్యత గురించి కూడా ఒక మాట చెప్పాలి, మీకు చేదుగా ఉండొచ్చు. చేతికొచ్చిన పత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసి మొదటి పేజీలో వేయడం మన దగ్గర గొప్పగా చెలామణీ అవుతోంది. 2017లో అమెరికాలో ఒక రహస్య పత్రాన్ని వార్తాసంస్థకు పంపిన రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని ఎలా దొరికిందో చూడండి. వార్తాసంస్థ నిర్ధారణ కోసం ఆ పత్రం కాపీని ప్రభుత్వానికే చూపించింది. మడత గీతలు చూసి అది ప్రింటు తీసిన కాగితమని గుర్తించారు. లెక్క తీస్తే ప్రింటు తీసింది ఆరుగురు, అందులో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ సంస్థకు ఈమెయిల్ పంపింది ఒక్కరు. ఐదేళ్ల మూడు నెలల జైలు పడింది. పైగా, అనేక కలర్ లేజర్ ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కలతో యంత్రం నంబరు, తేదీ, సమయం కాగితం మీద ముద్రిస్తాయి. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంటుగా పంపితే, తీసిన ఫోను, వేళ వంటి వివరాలు దానితోపాటే వస్తాయి. కనుక పత్రాన్ని మళ్లీ టైపు చేయించి వేయండి. వివరణ కోరేటప్పుడు కాపీ చూపించకండి, అందులోని విషయం మాత్రమే అడగండి. సమాచారం ఇచ్చినవారి నంబరును రిపోర్టర్ ఫోనులో పేరుతో దాచుకోవద్దనండి. ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) సెక్షన్ ఆధారం పేరు చెప్పమని బలవంతం చేయకూడదంటుంది గానీ, అది కౌన్సిల్ ముందు జరిగే విచారణలకే. పోలీసులు అడిగినప్పుడో కోర్టు అడిగినప్పుడో అది గొడుగు పట్టదు.

ఎంత వేయాలన్నదీ అంతే ముఖ్యం. 1971లో అమెరికా రక్షణ విశ్లేషకుడు డేనియల్ ఎల్స్‌బర్గ్ తాను బయటపెట్టిన వియత్నాం యుద్ధ రహస్య పత్రాల 47 సంపుటాల్లో శాంతి చర్చలకు సంబంధించిన నాలుగింటిని పత్రికలకు ఇవ్వకుండా అట్టేపెట్టాడు. 2011లో లీకు పత్రాలను ప్రచురించే వికీలీక్స్ వెబ్‌సైటు రెండున్నర లక్షలకు పైగా అమెరికా దౌత్య కేబుళ్లను (రాయబార కార్యాలయాల సందేశాలను) పేర్లు కూడా చెరపకుండా వదిలింది. రెంటినీ ఒకే గాటన కట్టి పొగడ్డమో తిట్టడమో చేస్తే పత్రికా స్వేచ్ఛ వాదనే పలచబడుతుంది. సైన్యం కదలికలు, ఇన్‌ఫార్మర్ల పేర్లు, తెరవని టెండరు ధరలు, జరగబోయే సోదాలు దాచాల్సినవే. పరీక్ష ప్రశ్నపత్రం అమ్ముకున్నవాణ్ణి, తప్పుడు కొలతల పుస్తకాన్ని బయటపెట్టినవాణ్ణి ‘లీకు వీరులు’ అంటూ ఒకే శీర్షిక కింద వేయకండి.

రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రం కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. 2004 నాటి తీర్మానం వంటిదాన్ని ఒక జీవోతో తేవచ్చు. విజిలెన్స్ కమిషన్‌కో లోకాయుక్తకో గోప్య ఫిర్యాదులు తీసుకునే బాధ్యత అప్పగించి, పేరు బయటపెడితే క్రమశిక్షణ చర్య అని రాస్తే సగం పని అవుతుంది. జైలుశిక్ష వేసే బలం మాత్రం చట్టానికే ఉంటుంది గనుక, కేంద్రం 2014 చట్టాన్ని సవరణలు లేకుండా, ఉన్నదున్నట్టు నోటిఫై చేయాలి.

ఈ లోగా మీ విలేకరులు చేయగలిగిన పని ఒకటుంది. ఈ చట్టం కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ పరిధిలోనిది. 2019 తర్వాత అమలు తేదీ ఫైలు ఏ అధికారి బల్ల మీద ఎన్నాళ్లు ఉంది, నియమావళి ముసాయిదా తయారైందా, న్యాయశాఖ అభిప్రాయం అడిగారా అని ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో పది రూపాయలు కట్టి అడగవచ్చు. గడువు 30 రోజులు. జవాబు వచ్చినా రాకపోయినా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు