గిటార్ బ్యాచ్ వేరు, వోకల్ బ్యాచ్ వేరట!

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గిటార్ నేర్చుకునేవాళ్ల కోసం వేసిన వ్యాసం చదివాను. ఎలాంటి గిటార్ కొనాలి, తీగలు ఎప్పుడు మార్చాలి, వేళ్లు నొప్పి పెడితే ఏం చేయాలి, అన్నీ బాగానే రాశారు. చివర్లో మాత్రం నాలుగు కార్డ్స్, అంటే రెండు మూడు తీగలు ఒకేసారి నొక్కిపట్టే పట్లు, వస్తే చాలు, ఇక పాడుకుంటూ వాయించుకోవచ్చు అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే నాకు కాలింది. ఆ ఒక్క ముక్క కోసం నేను ఏడాదిన్నరగా తిప్పలు పడుతున్నాను.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నలభై దాటాక ఈ సరదా పుట్టింది. ఊళ్లోనే ఒకచోట మూడు నెలలు ఫీజు కట్టాను. జీ, సీ, డీ, ఈ మైనర్ అనే కార్డ్స్ వచ్చాయి, వేలి కొసలు కాయలు కాశాయి, ఎఫ్ ఒక్కటి ఇప్పటికీ బర్రుమంటుంది, దాని సంగతి వదిలేయండి. పాట అంటారా, చిన్నప్పటి నుంచి భజనల్లో పాడినవాణ్ణే. కానీ రెండూ కలిపితే చాలు, నోరు తెరవగానే చెయ్యి ఆగిపోతుంది, చెయ్యి మీద ధ్యాస పెడితే పాటలో మాటలు పోతాయి. సార్‌ని అడిగితే, ‘ఇది గిటార్ బ్యాచ్ అండీ, వోకల్ బ్యాచ్ సాయంత్రం ఆరింటికి’ అన్నారు. అంటే ఇంకో ఫీజు. మరి రెండూ కలిపే బ్యాచ్ ఎప్పుడు సార్ అంటే నవ్వి, ప్రాక్టీస్ చేస్తే అదే వస్తుందన్నారు.

అదే రాదండీ. నా బాధంతా అదే. వాయించడం ఒక విద్య, పాడటం ఒక విద్య, రెండూ కలిపి చేయడం మూడో విద్య, దాన్ని మొదటి రోజు నుంచే నేర్పాలి. మనకిదేం కొత్త కాదు కూడా. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు మొదలుపెట్టిన రోజే పిల్లల చేత తొడ మీద ఆది తాళం వేయిస్తారు. ఎనిమిది లెక్కలు. పాట మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా పోయినా, రెండో కాలంలో పోయినా, మూడో కాలంలో పరుగెత్తినా చెయ్యి మాత్రం తన నడక మార్చుకోదు. గిటార్ చేతికి కావలసింది సరిగ్గా ఆ మొండితనమే.

పాలమూరు వైపు చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు పాడే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, నారాయణపేట జిల్లాలో బుర్రవీణ మీద తత్వాలు పాడే దాసరి కొండప్ప గారికి 2024లో వచ్చింది. వాద్యం విడిగా, పాట విడిగా ఉండే విద్యలు కావవి. మన పిల్లలేమో ఫోన్‌లో వీడియోలు చూసి ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను.

మా అమ్మ సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు పోయేది. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చెయ్యి బురదలో, నోట్లో పాట. ఒకరోజు గిటార్ పక్కన పడేసి అడిగాను, పాడుతుంటే నీకు చెయ్యి ఆగిపోయేది కాదా అమ్మా అని. ‘చెయ్యి ఆగితె ఎనకబడ్తం గద బిడ్డా. పాట ఆగితె ఏమాయె, ఇంకొకతె అందుకుంటది’ అన్నది. మూడు నెలల ఫీజుకు రాని పాఠం అక్కడ దొరికింది.

అప్పటి నుంచి పాట తప్పినా సరే, చెయ్యి ఆపొద్దని పెట్టుకున్నాను. ఎడమ చేత్తో తీగలు ఊరికే మూసి పట్టుకుని, కుడి చేత్తో లెక్కకు ఒక దెబ్బ, పైనుంచి కిందికి మాత్రమే. పాట పాడను, మాటలు చదువుతాను, పేపర్ చదివినట్టు. వంటింట్లోంచి మా ఆవిడ ‘కందిపప్పు తెచ్చిండ్రా?’ అని అడిగితే చెయ్యి ఆపకుండా జవాబు చెప్పాలి. మొదటి వారం రోజులు పప్పు అనే లోపే చెయ్యి నిలబడిపోయేది. ఆ జవాబు సాఫీగా వచ్చాకే ఒక కార్డ్ పట్టుకుని కూనిరాగం, ఆ తర్వాత రెండు కార్డ్స్, అప్పుడు పాట.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. వీడియోల్లో అందరూ నేర్పేది డౌన్ డౌన్ అప్ అప్ డౌన్ అప్. అది నాలుగు లెక్కల నడక. మన జానపదాలు చాలా మటుకు తకిట తకిట అని మూడు లెక్కల్లో నడుస్తాయి. ఆ పాటను తెచ్చి ఈ దెబ్బ మీద కూర్చోబెడితే ఎవరికి మాత్రం కుదురుతుంది? నేను నెల రోజులు తప్పు నాదే అనుకున్నాను. పైగా పాట చాలాసార్లు దెబ్బతో పాటు మొదలవదు, అర లెక్క ఆగి ఎత్తుకుంటుంది, కార్డ్ మారే చోటేమో మాట మధ్యలో పడుతుంది. అందుకే పాట కాగితం మీద రాసుకుని ఏ అక్షరం దగ్గర మారాలో దాని కింద ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంటాను, మిల్లులో లారీల లెక్క టిక్కు పెట్టినట్టు. శ్రుతి మాట కూడా చెప్పాలి. సినిమాలో పాడినాయన శ్రుతి మన గొంతుకు అందకపోతే బలవంతంగా అరవక్కర్లేదు, తక్కువ శ్రుతిలో కార్డ్స్ రాసుకోవచ్చు, పెంచాలంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్యాపో అనే బిగింపు ఉంది, దాన్ని గిటార్ మెడ మీద రెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర బిగిస్తే జీ పట్టుకున్నా ఏ పలుకుతుంది.

కాబట్టి ఎడిటర్ గారూ, ఈసారి రాయించేటప్పుడు ఈ మూడో విద్య గురించి కూడా ఒక పేజీ ఇవ్వండి. ఆ పాలమూరు పెద్దలను వార్తల్లో ఫొటోకే పరిమితం చేయకుండా చెయ్యీ గొంతూ ఎట్లా కలుపుతారో అడిగి రాయించండి. ఫీజులు తీసుకునేవాళ్లు కూడా వారానికి ఒక గంట రెండు బ్యాచ్‌లనూ ఒక గదిలో కూర్చోబెట్టవచ్చు, పోయేదేం లేదు.

నాకు ఇప్పటికి ఒక్క పాట పూర్తిగా వచ్చింది. పూర్తిగా అంటే, రెండో చరణంలో సీ నుంచి డీకి మారే చోట ఇంకా తడబడుతున్నాను. మా పాప ఎదురుగా కూర్చుని హోంవర్క్ రాస్తూ తల ఎత్తకుండానే ‘చెయ్యి ఆగింది నాన్నా’ అంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా